పుట్టుకకు ముందు పరీక్ష

విషయ ప్రవేశము

జీవశాస్త్రములో అనువంశికతను గూర్చిన పాఠము చదివిన ప్రతి విద్యార్థికిని ఒక సూత్రము కంఠస్థమై యుండును. తల్లినుండి శిశువునకు ఎక్స్ క్రోమోజోము వచ్చును. తండ్రినుండి ఎక్స్ వచ్చినచో ఆడశిశువు, వై వచ్చినచో మగశిశువు. ఈ మాత్రము వ్రాసినవారికి పరీక్షలో పూర్తి మార్కులు దొరకును. పాఠశాల పరీక్షకు ఇది చాలును గాని, ప్రకృతి ఈ సూత్రములో ఇమిడియుండలేదు. క్రోమోజోములు ఒక విధముగను, దేహము మరియొక విధముగను ఉన్నవారు కలరు. పుట్టినప్పుడు చూచి ఆడపిల్ల యనియో మగపిల్లవాడనియో వెంటనే చెప్పజాలని శిశువులు కలరు. ఇట్టివారు ఈ కాలమున క్రొత్తగా పుట్టుచున్నవారు కారు. అన్ని దేశములయందును, అన్ని కాలములయందును ఉన్నవారే.

క్రొత్తగా వచ్చినది వేరొకటి. స్త్రీ గర్భమున చేరకముందే, ప్రయోగశాలలోని పాత్రలో ఐదు దినముల వయస్సుగల పిండమును పరీక్షించి, ఇది గర్భమున నిలుపదగినది, ఇది నిలుపదగనిది అని నిర్ణయించు విద్య మానవునకు లభించినది. ఘోరవ్యాధులను తప్పించుటకై ఏర్పడిన ఈ విద్య, పైన చెప్పినవారి పుట్టుకను కూడ తప్పించుటకు ఉపయోగపడుచున్నది. ఇది న్యాయమా? న్యాయమైనచో ఎంతవరకు న్యాయము? ఈ వ్యాసములో మేము విచారింపదలచిన విషయమిదియే. పెద్ద తరగతుల విద్యార్థులును, వారి తలిదండ్రులును చదువదగునట్లు దీనిని వ్రాయుచున్నాము. సున్నితమైన విషయమని మనము దాచినచో, పిల్లలు దానిని వీధిలో వెటకారపు మాటగా నేర్చుకొందురు. పాఠముగా చెప్పినచో విచక్షణతో నేర్చుకొందురు.

మాటలను గూర్చి

ఏ విషయమునైనను విచారించుటకు ముందు మాటలను సరిచూచుకొనవలెను. క్రోమోజోములు, బీజకోశములు, హార్మోనులు, దేహావయవములు అనువానిలో ఏదో యొకటి పుట్టుకతోనే స్త్రీ లక్షణములకు గాని పురుష లక్షణములకు గాని పూర్తిగా సరిపడక యుండువారిని ఇంటర్‌సెక్స్ వ్యక్తులందురు. మేమును ఈ వ్యాసములో ఆ మాటనే వాడుచున్నాము. ఏలయన మన వాడుకలోనున్న పాతమాటలు పెక్కు తిట్లుగా మారిపోయినవి. దేహము ఒక లింగమునకు చెందినదై, మనస్సు తన్ను వేరొక లింగమునకు చెందినట్లు భావించుకొను వారి సంగతి వేరు. ఇచ్చట మేము చెప్పుచున్నది దేహనిర్మాణమును గూర్చి మాత్రమే.

అమరకోశమున 'తృతీయాప్రకృతి' యను పదము కలదు. మూడవదగు ప్రకృతి యని దాని యర్థము. వికృతి యనక ప్రకృతి యనుట గమనింపదగినది. వ్యాకరణము చదివినవారికి ఇంకొక సంగతి తెలియును. సంస్కృతమున భార్య యను అర్థమునిచ్చు శబ్దములలో 'భార్యా' శబ్దము స్త్రీలింగము, 'దార' శబ్దము పుంలింగము, 'కలత్ర' శబ్దము నపుంసకలింగము. వ్యక్తి ఒక్కతెయే, శబ్దమునుబట్టి లింగము మారినది. తెలుగు వ్యాకరణము ఈ విభాగమును విడిచి, మహత్తులు, మహతులు, అమహత్తులు అని తనకు తగిన వేరొక విభాగమును చేసికొన్నది. 'ఆమె వచ్చినది' అని ఏకవచనమున స్త్రీని అమహత్తుతో సమానముగా చెప్పు మన భాషయే, 'వారు వచ్చిరి' అని బహువచనమున స్త్రీపురుషులకు ఒకే రూపము నిచ్చినది.

దీనివలన తెలియునదేమి? విభాగములు మనము చేసికొన్నవి. దేహములు ప్రకృతి చేసినవి. విభాగమునకు వస్తువు సరిపడనప్పుడు విభాగమును సవరించుకొనుట శాస్త్రజ్ఞుల పద్ధతి. వస్తువునే తొలగించి, మా విభాగము సరియైనదని చెప్పుకొనుట శాస్త్రము కాదు.

దేహము ఏర్పడు క్రమము

మానవుని కణములో 23 జతలుగా 46 క్రోమోజోములుండునని 1956లో జియో, లెవాన్ అను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అందొక జత లింగభేదమునకు సంబంధించినది. ఐనను, గర్భములో పెరుగుచున్న పిండమునందు సుమారు ఆరు వారములవరకు ఆడ మగ యను భేదము దేహమున కానరాదు. బీజకోశములు అందరికిని ఒకే తీరున ఉండును. స్త్రీకి గర్భాశయముగా మారదగిన నాళములును, పురుషునకు శుక్రవాహికలుగా మారదగిన నాళములును ప్రతి పిండమునందును ఉండును. ఒకే మట్టిముద్దనుండి కుమ్మరి కుండనైనను మూకుడునైనను చేయగలిగినట్లు, అప్పటికి రెండు త్రోవలును తెరచియే యుండును.

వై క్రోమోజోముపైనుండు ఎస్.ఆర్.వై. అను జన్యువు ఆ త్రోవను నిర్ణయించునని 1990లో కనుగొనిరి. ఆ జన్యువు పనిచేసినచో బీజకోశములు వృషణములగును. వృషణములనుండి రెండు హార్మోనులు వెలువడును. ఒకటి గర్భాశయము కావలసిన నాళములను అణచివేయును. రెండవదియగు టెస్టోస్టిరోను పురుషావయవములను పెంపొందించును. ఫ్రాన్సు దేశీయుడగు ఆల్‌ఫ్రెడ్ జోస్ట్ కుందేలు పిండములపై చేసిన ప్రయోగములవలన ఈ క్రమము స్పష్టపడినది. జన్యువు, హార్మోను, ఆ హార్మోనును గ్రహించు కణము అను మూడును ఒకదానివెంట నొకటి పనిచేయవలెను. ఏ మెట్టున చిన్న మార్పు కలిగినను ఫలితము వేరగును. ఉదాహరణమునకు నాలుగింటిని చెప్పుదుము.

మొదటిది ఆండ్రోజన్ ఇన్‌సెన్సిటివిటీ. ఇందు క్రోమోజోములు ఎక్స్ వై, టెస్టోస్టిరోనును తయారగును, కాని కణములు దానిని గ్రహింపవు. ఏమాత్రమును గ్రహింపనిచో శిశువు ఆడపిల్లగానే పుట్టి, ఆడపిల్లగానే పెరుగును. తగిన వయస్సు వచ్చినను రజస్వల కానప్పుడు గాని అనేకుల విషయమున సంగతి తెలియదు. గర్భాశయముండదు గనుక గర్భము ధరింపజాలరు. లోపలనున్న వృషణములకు మున్ముందు క్యాన్సరు సోకు అవకాశము కొంత యుండుటచే వైద్యుని పర్యవేక్షణ అవసరము. దీనివలన పసితనమున ప్రాణభయము లేదు.

రెండవది కన్‌జెనిటల్ అడ్రినల్ హైపర్‌ప్లేసియా. మూత్రపిండములపైనుండు అడ్రినల్ గ్రంథులలో ఒక ఎంజైము లోపించుటచే, దేహమునకు ముఖ్యమైన కార్టిసోలు తగినంత తయారుకాక, పురుష హార్మోనులు అధికమగును. అందుచే ఎక్స్ ఎక్స్ క్రోమోజోములుగల ఆడశిశువుయొక్క బాహ్యావయవములు మగశిశువు అవయవములవలె కనబడవచ్చును. వీరిలో కొందరు శిశువుల దేహమునుండి లవణము కోల్పోయి, పుట్టిన కొలది వారములలోనే ప్రాణాపాయము కలుగును. ఇది మగశిశువులకును సంభవించును. ఐతే 1950 ప్రాంతమున కార్టిసోను చికిత్స వచ్చినది మొదలు, సకాలమున గుర్తించి ప్రతిదినము మందిచ్చినచో ఈ పిల్లలు బ్రతికి పెద్దవారగుచున్నారు.

మూడవది క్లైన్‌ఫెల్టర్ సిండ్రోము. దీనిని 1942లో వర్ణించిరి. ఎక్స్ ఎక్స్ వై అను అదనపు క్రోమోజోము దీనికి కారణమని 1959లో తెలిసినది. పురుషులలో సుమారు 600 మందికి ఒకరియందు ఇది యుండును. వీరిలో పెక్కుమందికి తమ క్రోమోజోములలో భేదమున్నదను సంగతియే జీవితాంతమువరకు తెలియదు. నాలుగవది టర్నర్ సిండ్రోము. ఇందు ఆడశిశువునకు ఒకే ఎక్స్ ఉండును. ఎత్తు తక్కువగుట, సంతానము కలుగకుండుట సాధారణము. కొందరికి గుండెజబ్బును ఉండవచ్చును.

ఈ చివరి రెండింటిని ఇంటర్‌సెక్స్ లక్షణములలో చేర్చుటయందు శాస్త్రజ్ఞులకు ఏకాభిప్రాయము లేదు. కావుననే ఇట్టివారి సంఖ్య జనాభాలో 0.05 నుండి 1.7 శాతమువరకు ఉండునని ఐక్యరాజ్యసమితి ప్రచురణలు విశాలమైన అంచనాను చెప్పుచున్నవి.

పరీక్షా విధానము

దేహమునకు వెలుపల ఫలదీకరణము పొంది పుట్టిన మొదటి శిశువు 1978 జూలై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్ పట్టణమున జన్మించినది. అదే సంవత్సరము అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన మన దేశమున మొదటి శిశువు పుట్టినది. పిండము వైద్యుని కంటికి కనబడునట్లు వెలుపల ఉన్నప్పుడు, దానిని పరీక్షింపవచ్చునను ఆలోచన సహజముగనే పుట్టినది. 1990లో లండను నగరములోని హామర్‌స్మిత్ ఆసుపత్రిలో అలన్ హాండిసైడ్ బృందమువారు ఈ పరీక్షను జయప్రదముగా చేసిరి. ఎక్స్ క్రోమోజోముద్వారా వచ్చి మగపిల్లలను పీడించు ఘోరవ్యాధులున్న కుటుంబములకై, వారు ఆడపిండములను ఎంచి గర్భమున నిలిపిరి. ఈ విద్యకు మొదటి అడుగే లింగమును బట్టి ఎంచుటయను సంగతిని విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. అప్పటి ఉద్దేశము పిల్లలను వ్యాధినుండి కాపాడుట.

నేడు సామాన్యముగా ఐదవ దినమున, పిండము నూరు కణములకు పైబడి పెరిగినప్పుడు, దాని వెలిపొరనుండి కొన్ని కణములను తీసి పరీక్షింతురు. ఈ పరీక్ష ముఖ్యముగా రెండు రకములు. కుటుంబమున తెలిసియున్న ఒక వ్యాధికి కారణమగు జన్యువును వెదకుట ఒకటి. క్రోమోజోముల నన్నింటిని లెక్కించుట రెండవది. రెండవ పరీక్షలో తక్కిన క్రోమోజోములతోపాటు ఎక్స్, వై క్రోమోజోముల సంఖ్యయును తెలియును. అనగా, ఎవరును అడుగకున్నను ఎక్స్ ఎక్స్ వై అను సమాధానము ప్రయోగశాలకు చేరును.

ఈ పరీక్షకు పరిమితులు కలవు. తీసిన కణములు మావిగా మారవలసిన వెలిపొరకు చెందినవి. శిశువుగా మారవలసినవి లోపలి కణములు. రెండును ఎల్లప్పుడు ఒకే విధముగా నుండవు. అంతకంటె పెద్ద పరిమితి మరియొకటి. క్రోమోజోములను చూచి ఆ శిశువు ఎట్టి జీవితము గడపునో చెప్పుట సాధ్యము కాదు. ఒకే ఎక్స్ ఎక్స్ వై క్రోమోజోములుగలవారిలో ఒకరు వైద్యుని సహాయము కోరుదురు. మరియొకరు ఏ లోటును ఎరుగక కాలము గడుపుదురు.

చట్టము చెప్పునది

పుట్టుకకు ముందు చేయు పరీక్షలవలన కలుగు కీడు మన దేశమునకు క్రొత్త కాదు. గర్భస్థ శిశువు ఆడపిల్లయని తెలిసికొని గర్భస్రావము చేయించుట పెరుగగా, 1988లో మహారాష్ట్రము ఇట్టి పరీక్షలను నియంత్రించుచు చట్టము చేసినది. 1994లో పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది. ఐనను, ఆరేండ్లలోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు 1991 జనాభా లెక్కలలో 945 మంది ఆడపిల్లలుండగా, 2001 నాటికి ఆ సంఖ్య 927కు తగ్గెను. పిమ్మట చట్టమును సవరించి, గర్భధారణకు ముందు చేయు లింగ ఎంపికను కూడ 2003నుండి నిషేధించిరి. 2021లో వచ్చిన సహాయక ప్రత్యుత్పత్తి సాంకేతిక విధానముల చట్టము, పిండపరీక్షను తెలిసిన వంశపారంపర్య వ్యాధులకును జన్యువ్యాధులకును మాత్రమే పరిమితము చేసినది. కోరిన లింగముగల శిశువునిచ్చెదమని చెప్పుటను నిషేధించినది.

ఈ చట్టముల సారమేమనగా, ఆడపిల్లగా నుండుట వ్యాధి కాదు, మగపిల్లవాడుగా నుండుటయు వ్యాధి కాదు. కావున ఆ కారణమున పిండమును ఎంచుటకు వీలులేదు. ఇది మిక్కిలి మంచి సూత్రము. కాని దీనియందు ఒక మౌనము కలదు. ఈ రెండింటికిని సరిపడని దేహముగలవారి సంగతి యేమి? 1994 చట్టము పరీక్షకు అనుమతించిన విషయములలో క్రోమోజోముల అసాధారణతలును, పుట్టుకతో వచ్చు వైపరీత్యములును కలవు. ఎక్స్ ఎక్స్ వై పిండమును గాని, ఒకే ఎక్స్ గల పిండమును గాని ఈ మాటలక్రింద చేర్చుట సులభము. ఈ విధముగా, ఆడపిల్లకు మగపిల్లవానికి రక్షణనిచ్చిన మాటయే మూడవ ప్రకృతివారికి రక్షణ లేకుండ చేయుచున్నది.

ఇతర దేశములలోను ఇట్టి స్థితియే కలదు. బ్రిటనులో వైద్యకారణము లేనిదే లింగమును ఎంచుట నిషిద్ధము. ఐనను పిండపరీక్షకు అక్కడ అనుమతి పొందిన స్థితుల పట్టికలో మేము పైన చెప్పిన మొదటి రెండు స్థితులును చోటు చేసికొన్నవి. ప్రాణముతీయు లవణనష్టమును, ప్రాణభయమేలేని దేహభేదమును ఒకే పట్టికలో నుండుట ఆలోచింపదగిన విషయము.

వ్యాధియా? భేదమా?

కావున అసలు ప్రశ్న వ్యాధికిని భేదమునకును నడుమ గీత ఎక్కడ గీయవలెననునది. మాకు తోచిన కొలబద్ద ఇది: దుఃఖమునకు మూలము దేహమునందున్నదా, చూచువారి చూపునందున్నదా అని అడుగవలెను. లవణనష్టముచే శిశువు సొమ్మసిల్లినచో, ఆ దుఃఖము దేహమునందున్నది. లోకమంతయు ఆ శిశువును ప్రేమించినను మందు లేనిదే ప్రాణము నిలువదు. కాని అవయవముల రూపము వేరుగనున్నదని బంధువులు గుసగుసలాడుటవలనను, బడిలో తోటివారు గేలిచేయుటవలనను, సంబంధములు కుదరకపోవుటవలనను కలుగు దుఃఖమునకు మూలము దేహము కాదు.

ఈ తర్కము మనకు క్రొత్తది కాదు. ఆడపిల్ల పుట్టినచో కట్నము, భద్రత, వివాహము అని తలిదండ్రులు పడు ఆందోళన కల్పితము కాదు. ఐనను ఆ కష్టమునకు ఆడపిల్ల దేహమును కారణముగా చూపరాదని మన చట్టము నిర్ణయించినది. కట్నమను దురాచారమును మాన్పుటకు మారుగా ఆడపిల్లలనే లేకుండ చేయుట పరిష్కారమని నేడెవ్వరును సభలో చెప్పజాలరు. గేలిచేయువారిని మందలించుటకు మారుగా గేలికి గురియగువారిని పుట్టకుండ చేయుటయు అట్టిదే.

వాదప్రతివాదములు

ఎదుటి పక్షమువారి మాటలను కూడ న్యాయముగా వినవలెను. మొదటి వాదము: ఐదు దినముల పిండము మనిషి కాదు, దానికి బాధ తెలియదు, గర్భమున నిలుపకున్నచో ఎవరికి అన్యాయము జరిగినది? పిండము మనిషియేయని మేము వాదించుట లేదు. ఆ విషయమున ధర్మజ్ఞులలో భిన్నాభిప్రాయములు కలవు. మా ఆక్షేపణ పిండమును గూర్చి కాదు, పట్టికను గూర్చి. ఫలానా దేహము పుట్టదగనిదని ప్రభుత్వమును వైద్యులును కలిసి ఒక పట్టికలో వ్రాసినప్పుడు, అట్టి దేహముతో పుట్టి మనమధ్య తిరుగుచున్నవారు దానిని చదువుదురు. తమవంటి వారు లేకుండుటయే మేలని లోకము తలచుచున్నదని వారికి తెలియును. అంధురాలైన అమెరికా విదుషి ఆడ్రియన్ ఆష్ ఈ సంగతినే వికలాంగులపక్షమున విశదపరచిరి. ఇప్పుడు బిడ్డయే వలదనుట వేరు, బిడ్డ కావలెను గాని ఈ ఒక్క లక్షణముగల ఈ బిడ్డ వలదనుట వేరు అని ఆమె భేదము చూపిరి. రెండవ విధమున ఒక లక్షణమే మనిషియొక్క సర్వస్వముగా లెక్కింపబడుచున్నది.

రెండవ వాదము తలిదండ్రుల స్వేచ్ఛకు సంబంధించినది. పెంచవలసినవారు వారే గనుక నిర్ణయమును వారిదేయందురు. ఇందు సత్యమున్నది. పుట్టిన బిడ్డను వ్యాధిచే ఒకమారు పోగొట్టుకొన్న తల్లి పరీక్షను కోరినచో ఆమెను నిందించుటకు ఎవరికిని అధికారము లేదు. కాని స్వేచ్ఛకు సంపూర్ణజ్ఞానము ఆధారము. కష్టములను మాత్రమే చెప్పి, ఆ లక్షణములతో బ్రతుకుచున్నవారి జీవితములను గూర్చి ఒక్క మాటయైనను చెప్పనిచో, ఆ తలిదండ్రులు ఎంచుకొన్నట్లు కాదు, భయపడినట్లు మాత్రమే.

మూడవ వాదమును ఆస్ట్రేలియా దేశములోని ఆచార్యుడు రాబర్ట్ స్పారో 2013లో వ్రాసిన వ్యాసమున చర్చించెను. తీవ్రమైన ఆరోగ్యప్రమాదమున్న స్థితులలో ఈ పరీక్ష తగునని అతడు చెప్పెను. కేవలము రూపభేదములైన స్థితులలో కూడ, మొదట తోచినదానికంటె ఎక్కువగా దీనిని సమర్థింపవచ్చుననెను. ఐతే, ఆ సమర్థనకు ఉపయోగించు వాదములే మానవ వైవిధ్యమంతటిని గూర్చి కలవరపెట్టు నిర్ణయములకు దారితీయునని అతడే హెచ్చరించెను. లోకుల వివక్షవలన బిడ్డకు కష్టము కలుగునను కారణము చాలినచో, నల్లని మేనిఛాయకును, పొట్టితనమునకును, తిరస్కృతమైన కులమున పుట్టుటకును అదే కారణము చాలును. ఎచ్చట ఆగవలెనో ఆ వాదము చెప్పజాలదు. మా కొలబద్ద ఆగవలసిన చోటును చూపుచున్నదని మా విశ్వాసము.

పుట్టియున్నవారి మాట

ఈ విషయము గ్రంథములకు పరిమితమైనది కాదు. మనము నివసించు ఈ తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లాకు చెందిన పేదకుటుంబపు క్రీడాకారిణి శాంతి సౌందరరాజన్ 2006లో దోహా నగరమున జరిగిన ఆసియా క్రీడలలో 800 మీటర్ల పరుగున రజతపతకము గెలిచిరి. పిమ్మట లింగనిర్ధారణ పరీక్ష పేరుతో ఆ పతకమును వెనుకకు తీసికొనిరి. ఆమె ఏ మందును తిని మోసము చేసియుండలేదు. పుట్టిన దేహముతో పరుగెత్తిరి. ఆ అవమానమును సహించి, తరువాతికాలమున ఆమె శిక్షకురాలై బాలబాలికలకు పరుగు నేర్పిరి. ఇంటర్‌సెక్స్ యను మాటను కేవలము వైద్యగ్రంథములోని మాటగా చదువువారు ఆ పరుగును గూర్చి కూడ చదువవలెను.

2019 ఏప్రిల్ 22న మద్రాసు ఉన్నత న్యాయస్థానపు మదురై ధర్మాసనము, ఇంటర్‌సెక్స్ శిశువుల దేహమును ఒక లింగమునకు సరిపడునట్లు శస్త్రచికిత్సచే మార్చుటను నిషేధింపవలెనని ప్రభుత్వమును ఆదేశించినది. తలిదండ్రుల సమ్మతి శిశువు సమ్మతి కాజాలదని నిర్ణయించినది. ఆ సంవత్సరము ఆగస్టు నెలలో తమిళనాడు ప్రభుత్వము, ప్రాణాపాయ సమయములు తప్ప తక్కినప్పుడు అట్టి శస్త్రచికిత్సలను నిషేధించుచు ఉత్తరువు వెలువరించినది. ఐరోపాలోని మాల్టా దేశము 2015లోనే ఇట్టి రక్షణను చట్టములో చేర్చినది.

అంతకుముందు, 2013 డిసెంబరులో అదే మాల్టా దేశమున సమావేశమైన అంతర్జాతీయ ఇంటర్‌సెక్స్ ప్రతినిధులు ఒక ప్రకటన చేసిరి. శస్త్రచికిత్సలను మాన్పుటతోపాటు, తమవంటి వారిని పిండదశలోనే ఏరివేయు పరీక్షలను కూడ నిలుపవలెనని వారు కోరిరి. పుట్టిన పిమ్మట కత్తిని ఆపి, పుట్టుకకు ముందు జల్లెడను ఉంచినచో తమకు లభించిన గౌరవము సగమేనని వారి భావము. ఈ భావమును నిర్లక్ష్యము చేయరాదు. ఏ దేహమును గూర్చి నిర్ణయము చేయుచున్నామో, ఆ దేహముతో బ్రతికినవారి మాట ముందు వినుట న్యాయమునకు మొదటి మెట్టు.

మన కర్తవ్యము

ఇంతవరకు విచారించిన దానినిబట్టి మా అభిప్రాయమును క్రోడీకరించి చెప్పుదుము. ప్రాణమును హరించునట్టియు, చికిత్సకు లొంగనట్టియు వ్యాధులను పరీక్షించుట తప్పు కాదు. అది శాస్త్రము చేసిన ఉపకారము. చికిత్సకు లొంగు వ్యాధి విషయమున, పుట్టిన వెంటనే ప్రతి శిశువును పరీక్షించి మందిచ్చు ఏర్పాటు పిండములను ఏరివేయుటకంటె మేలైనది. ప్రాణభయములేని దేహభేదమును మాత్రము ఏరివేతకు కారణముగా పట్టికలలో చేర్చరాదు. పరీక్ష చేయు వైద్యులు ఫలితమును చెప్పునప్పుడు, ఆ లక్షణములుగలవారు ఎట్లు జీవించుచున్నారో కూడ తలిదండ్రులకు చెప్పవలెను. వీలైనచో అట్టివారితోనే మాటలాడించవలెను.

ఇట్టి విచారము ఒక తెలుగు పాఠశాల పత్రికకు ఎందులకని కొందరు అడుగవచ్చును. తమిళదేశమున తెలుగువారు శతాబ్దములుగా అల్పసంఖ్యాకులై జీవించుచున్నారు. లెక్కకు తక్కువగుట లోపము కాదనునదియే మన పాఠశాలల ఉనికికి ఆధారము. రాజ్యాంగములోని 29, 30 అధికరణములును, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్యను గూర్చి 1956లో చేర్చిన 350-ఎ అధికరణమును ఈ సూత్రముపైననే నిలిచినవి. ఎక్కువమంది మాటలాడు భాషకు సరిపడలేదని మన భాషను తొలగించుట అన్యాయమని మనము చెప్పుచుండగా, ఎక్కువమంది దేహములకు సరిపడలేదని కొందరి దేహములను తొలగించుట న్యాయమని ఎట్లు చెప్పగలము? మనము కోరుకొను న్యాయమును మనకంటె తక్కువ సంఖ్యగలవారికి నిరాకరింపరాదు.

పార్లమెంటు చేయవలసినది పార్లమెంటు చేయును; వైద్యులు చేయవలసినది వైద్యులు చేయుదురు. పాఠశాలకును, గృహమునకును చేతనైన పని మిగిలియున్నది. దేహమును గూర్చిన తిట్లు తరగతి గదిలోను ఆటస్థలములోను వినబడకుండ ఉపాధ్యాయులు చూడవలెను. జీవశాస్త్రపు పాఠము చెప్పునప్పుడు సూత్రముతోపాటు సూత్రమునకు లొంగనివారిని గూర్చియు చెప్పవలెను. తమ బిడ్డ దేహమున ఇట్టి భేదము కనబడినచో తలిదండ్రులు సిగ్గుతో దాచక, భయముతో తొందరపడక, మంచి వైద్యుని సలహాను పొంది, బిడ్డకు వయస్సుకు తగినట్లు నిజము చెప్పి పెంచవలెను. పిండమును పరీక్షించు యంత్రము మన చేతిలో లేదు. ఒక బిడ్డ ఈ లోకమున గౌరవముతో బ్రతుకగలదా లేదా యను ప్రశ్నకు సమాధానము మాత్రము కొంతవరకు మన చేతిలోనే యున్నది. ఆ సమాధానము మారినచో, పరీక్షాఫలితమును చేతపట్టుకొని వైద్యుని యెదుట కూర్చున్న తలిదండ్రుల భయమును కొంత తగ్గును.

ఆలోచింపదగిన ప్రశ్నలు

1. విభాగమునకు సరిపడని వస్తువు కనబడినప్పుడు శాస్త్రజ్ఞుడు ఏమి చేయవలెను? మీరు చదివిన ఏదేని పాఠమునుండి ఒక ఉదాహరణము నిండు.

2. ఈ వ్యాసములో చెప్పిన నాలుగు స్థితులలో ప్రతిదానియందును దేహమువలన కలుగు కష్టమేది, ఇతరులవలన కలుగు కష్టమేది? రెండు వరుసలుగా వ్రాయుడు.

3. ఆడపిండములను ఏరివేయుటను నిషేధించిన న్యాయము ఇంటర్‌సెక్స్ పిండములకును వర్తించునా? వర్తించునని కొందరును, వర్తింపదని కొందరును తరగతిలో వాదించి, పిమ్మట పక్షములను మార్చుకొని మరల వాదింపుడు.

4. పాఠశాల దరఖాస్తులో 'బాలుడు, బాలిక' అను గడులు మాత్రమే యున్నచో, వానికి సరిపడని విద్యార్థికై మీరు ఎట్టి సవరణను సూచింతురు? మూడు వాక్యములలో వ్రాయుడు.